అడగడం నేర్పిన బడులు

దేశానికీ దేశానికీ, మనిషికీ మనిషికీ మధ్య అంతరం ఎంతుందో చెప్పే నివేదికలు ఏటా వస్తూనే ఉన్నాయి. ఆ అంతరం ఎందుకుందని సామాన్యుడు తనంతట తాను అడిగేలా చేసే చదువుకే కరవొచ్చింది. అలాంటి చదువు ఒకప్పుడు బ్రెజిల్‌లో ఓ మెట్ట పట్నంలో నడిచింది. మన నెల్లూరు పల్లెల్లోనూ నడిచింది. రెండుచోట్లా దాని దెబ్బ సర్కారు దాకా తగిలింది.

బావి ఎవరు తవ్వారు?

1963 జనవరి. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలోని అంజికోస్ అనే చిన్న పట్నానికి కొందరు విశ్వవిద్యాలయ విద్యార్థులు వచ్చి దిగారు. వానల మీద భరోసా లేని సీమ అది. పశువులు, పత్తి, కూలి పనులు, కలవారి ఇళ్లలో పాచిపని... జనానికి అవే ఆధారం. వచ్చినవాళ్లు వెంటనే బడి తెరవలేదు. ముందు ఇంటింటికీ తిరిగారు. జనం రోజూ ఏ మాటలు వాడుతున్నారో, దేని గురించి బాధపడుతున్నారో, దేనికి నవ్వుతున్నారో రాసుకున్నారు. పాఠాలు ఆ మాటల్లోంచే పుట్టాయి. రాజధానిలో అచ్చయిన వాచకం ఒక్కటీ వాళ్ల చేతుల్లో లేదు.

ఈ పద్ధతికి రూపం ఇచ్చినవాడు పాలో ఫ్రెయిరే. 1921లో రెసిఫే నగరంలో పుట్టాడు. మధ్యతరగతి కుటుంబమే కానీ 1929 నాటి ఆర్థిక మాంద్యం వాళ్లను కూలదోసింది. పదమూడేళ్ల వయసులో తండ్రి పోయాడు. కడుపు కాలుతుంటే పాఠం బుర్రకెక్కదని ఆయనకు చిన్నప్పుడే అనుభవమైంది. లా చదివి కూడా ఆ వృత్తి వదిలేసి, కార్మికుల చదువుల వైపు వచ్చేశాడు.

అంజికోస్‌లో పగలంతా పనిచేసి వచ్చినవాళ్లు రాత్రి పూట గుండ్రంగా కూర్చునేవారు. తొలి రాత్రుల్లో అక్షరాల ఊసే లేదు. గోడ మీద ఓ బొమ్మ పడేది. అందులో ఓ గుడిసె, బావి, చెట్టు, పనిముట్టు పట్టుకున్న మనిషి. ‘వీటిలో తమంతట తాముగా ఉన్నవేవి, మనిషి చేసినవేవి?’ అన్నది మొదటి ప్రశ్న. చెట్టు దానంతట అది మొలిచింది. బావి? దాన్ని మనిషే తవ్వాడు. ఎందుకు తవ్వాడు? ఎలా తవ్వాడు? నీళ్లు కావాలి కాబట్టి, పార ఉంది కాబట్టి, చేతుల్లో బలం ఉంది కాబట్టి. తనకేమీ రాదనుకుంటూ వచ్చి కూర్చున్న కూలీకి అక్కడ మొదటిసారి ఒక సంగతి తట్టేది. బావి తవ్వడం కూడా విద్యేనని, అది తనకు వచ్చని. ఊళ్లో ఉన్నవాటిలో మనుషులు చేసినవే ఎక్కువని ఒప్పుకున్నాక, మనుషులు చేసిన వాటిని మనుషులే మార్చవచ్చు కదా అన్న మాట ఎవరో ఒకరి నోట రాక తప్పదు. కూలి రేటు కూడా మనుషులు పెట్టిందే. భూమి ఒకరి చేతిలో ఉండి, ఇంకొకరి చేతిలో లేకపోవడం కూడా మనుషుల ఏర్పాటే.

అక్షరాలు ఆ తర్వాతే. ఆ భాగం తెలుగువాళ్లకు ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే అది మన గుణింతమే. రెసిఫే దగ్గర ఓ పేటలో వాడిన మాట ఇది: ‘తిజోలు’, అంటే ఇటుక. ముందు ఇటుక గురించి చర్చ. ఎవరు కాలుస్తారు, ఎవరి ఇల్లు లేస్తుంది, కాల్చినవాడి ఇల్లు ఎలా ఉంది. చర్చ అయ్యాక మాటను మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ గుణింతం రాసేవారు. త, తె, తి, తొ, తు. జ, జె, జి, జొ, జు. ల, లె, లి, లొ, లు. ఈ పదిహేను ముక్కల పట్టిక ముందు పెట్టి, ‘వీటితో మీరే మాటలు కట్టండి’ అనేవారు. ఒకరు ‘లోజ’ అంటారు, అంటే దుకాణం. ఇంకొకరు ‘లూత’ అంటారు, అంటే పోరాటం. అక్షరాలు పట్టిన మొదటి రాత్రే తన చేత్తో తన మాట తాను కట్టుకోవడం ఎంత సంబరమో, వయసు మళ్లాక చదువుకున్నవాళ్లను అడగండి, చెబుతారు.

మొత్తం 40 గంటల పాఠాలు. 300 మంది దాకా చదవడం, రాయడం నేర్చుకున్నారు. 1963 ఏప్రిల్ 2న ముగింపు తరగతికి దేశాధ్యక్షుడు జువావ్ గులార్ట్ స్వయంగా వచ్చి కూర్చున్నాడు.

దేశాధ్యక్షుడు ఇంత దూరం రావడం వెనక పెద్ద లెక్కే ఉంది. అప్పటి బ్రెజిల్‌లో చదువురాని వాళ్లకు ఓటు లేదు. పెద్దవాళ్లలో సుమారు 40 శాతం నిరక్షరాస్యులు. అంటే పదిమందిలో నలుగురు పెద్దవాళ్లు ఎన్నికలకు వెలుపలే ఉన్నారు, వాళ్లలో అత్యధికులు పేదలే. 40 గంటల్లో ఒక మనిషికి సంతకం వస్తే ఓటూ వస్తుంది. లక్షల మందికి వస్తే ఎస్టేటుల యజమానులు గెలిపించుకునే శాసనసభల తీరే మారిపోతుంది. అంజికోస్ నమూనాను దేశమంతటా పెట్టాలని, 20 వేల చదువు బృందాలు తెరవాలని ప్రభుత్వం తలపెట్టింది. అది పట్టాలెక్కక ముందే, 1964 ఏప్రిల్ మొదట్లో, సైన్యం గులార్ట్‌ను కూలదోసింది. రెండు వారాలు తిరగకుండా అక్షరాస్యతా పథకం రద్దయింది. ముందు ఏడాది అంజికోస్ ముగింపు సభలో కూర్చున్న సైనికాధికారి కాస్తెలో బ్రాంకోయే సైనిక ప్రభుత్వపు తొలి అధ్యక్షుడయ్యాడు. ఫ్రెయిరేను రెండు నెలలకు పైగా జైల్లో పెట్టారు. తర్వాత ఆయన బొలీవియా, అక్కడి నుంచి చిలీ. పదహారేళ్ల ప్రవాసం. చిలీలో ఉండగా రాసిన ‘పెడగాజీ ఆఫ్ ది అప్రెస్డ్’ ప్రపంచమంతా తిరిగింది కానీ, సొంత దేశంలో 1974 దాకా అచ్చుకు నోచుకోలేదు. బ్రెజిల్‌లో చదువురానివాళ్లకు ఓటు హక్కు 1985లో గానీ దక్కలేదు.

ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసేది దీని తర్వాతి ఘట్టం. సైనిక ప్రభుత్వం కూడా అక్షరాస్యత కార్యక్రమం పెట్టింది! దాని పేరు మొబ్రాల్. ఫ్రెయిరే నుంచి మాటను ముక్కలు చేసే పద్ధతి తీసుకుంది, గుణింతాల పట్టిక తీసుకుంది. ఇటుక ఎవరు కాలుస్తారు, ఇల్లు ఎవరిది అన్న చర్చను మాత్రం తీసిపారేసింది. కూలీకి సంతకం రావడం వల్ల ఆ ప్రభుత్వానికి నష్టమేమీ లేదు. అతను అడగడం నేర్చుకుంటేనే నష్టం. అది పాలకులకు బాగా తెలుసు.

నీళ్లు రాని ఊరికి ప్యాకెట్లు వచ్చాయి

మన దేశంలో చదువుకూ ఓటుకూ లంకె పెట్టలేదు. 1951-52 తొలి ఎన్నికల్లోనే, అక్షరం ముక్క రాని కోట్లాది మంది గుర్తు చూసి ఓటేశారు. రాజ్యాంగం ఇచ్చిన గొప్ప వరం అది. అయితే ఓటు చేతిలో ఉన్నా, ఊరి సంగతి నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు ఆడవాళ్లకు లేదు. రచ్చబండ మగవాళ్లది. నూతి దగ్గర మాటలు నీళ్లు నిండేదాకానే.

1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లాగా ప్రకటించుకుంది. ఆ ఊపు దేశమంతా పాకింది. ఆ గాలి నెల్లూరుకు చేరాక ‘అక్షరదీపం’ అనే అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. కళాజాతలు ఊరూరా తిరిగి పాటలు పాడాయి, నాటికలు ఆడాయి. వలంటీర్లు సాయంత్రాలు పలకలు, వాచకాలు పట్టుకుని వాడల్లోకి వెళ్లారు. కూలికి వెళ్లి వచ్చి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. అంతమంది ఆడవాళ్లు రాత్రిపూట ఒకచోట కూర్చుని, ఒకరి ఇంటి సంగతి ఇంకొకరు వినడం చాలా ఊళ్లకు అదే మొదలు.

వాచకంలో సారా పాఠం ఉంది. తాగుడుతో నాశనమైన ఒక సంసారం కథ. చదివింది కథే అయినా, చదువుతున్న ప్రతి ఆడమనిషికీ అది తన ఇంటి కథే. అంజికోస్‌లో ఇటుక ఎలాగో, నెల్లూరులో సారా ప్యాకెట్ అలాగ. మొగుడు రోజూ తెచ్చిన కూలిలో ఎంత ఇంటికి వస్తోంది, ఎంత దుకాణానికి పోతోంది? దుకాణం ఎవరిది? వేలం పాట పాడిందెవరు? ఆ పాట డబ్బు ఎవరికి చేరింది? అప్పట్లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో నింపించి ఊళ్లకు పంపేది. గుక్కెడు మంచినీళ్లు అందించలేని ప్రభుత్వం సారా మాత్రం గడప దాకా ఎలా తెస్తోంది? ఈ ప్రశ్న ఏ అర్థశాస్త్ర పుస్తకంలోనూ లేదు. పలక పట్టుకున్న ఆడవాళ్లు వేసిన ప్రశ్న అది. 1970-71లో 39 కోట్ల రూపాయలున్న రాష్ట్ర ఎక్సైజ్ రాబడి 1991-92 నాటికి 812 కోట్లకు చేరింది. ఖజానాలో పడ్డ ఆ కోట్లు ఏ ఇళ్లలోంచి వెళ్లాయో వాళ్లకు లెక్క తెలిసిపోయింది.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఏకమై సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ ముందు నిలిచారు. ఆ తర్వాత జరిగింది చదువు చరిత్రలోనే అరుదైన సంగతి. దూబగుంట కథే తర్వాతి వాచకంలో పాఠమైంది. ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న ఆ పాఠం చదివిన పక్క ఊళ్లలో, ‘వాళ్లు చేసింది మనం చెయ్యలేమా?’ అన్న మాట లేచింది. ఒక ఊరి పోరాటం అచ్చులోకి ఎక్కి, ఇంకో ఊరికి పాఠంగా వెళ్లి, అక్కడ మళ్లీ పోరాటమైంది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఆడవాళ్లు సారా బళ్లకు అడ్డం నిలిచారు. 1992 సెప్టెంబరులో నెల్లూరులో సారా వేలాన్ని ముట్టడించారు. పాటలు జరపలేక అధికారులు వేలాన్ని మళ్లీ మళ్లీ వాయిదా వేయాల్సి వచ్చింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది.

సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల బడ్జెట్లలోనూ మద్యం రాబడి వేల కోట్లలో ఉంది. దీన్నిబట్టి ఉద్యమం ఓడిపోయిందని తేల్చేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అదే నెల్లూరులో, ఆ ఆడవాళ్లే, సారా మీద పోతున్న డబ్బును రోజుకో రూపాయి చొప్పున కూడబెట్టడం మొదలుపెట్టారు. ‘పొదుపులక్ష్మి’ అలా పుట్టింది. ఈనాటి లక్షలాది పొదుపు సంఘాల వేళ్లలో ఒకటి ఆ రాత్రిబడుల్లో ఉంది. రోశమ్మ 2016లో కన్నుమూశారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆమెకు దక్కాల్సినంత చోటు ఇంకా దక్కలేదు.

ఫ్రెయిరే పుస్తకంలో ఒక లోటుంది. ఆయన తొలి రచనల్లో పీడితుడంటే మగవాడే. ఎక్కడ చూసినా ‘అతను’. ఇంట్లో అతని చేతిలో దెబ్బలు తినే మనిషి ఆ పేజీల్లో కనబడదు. అమెరికా స్త్రీవాదులు ఆ మాట ముఖం మీదే చెప్పారు, ఆయన తప్పు ఒప్పుకుని తన భాష దిద్దుకున్నాడు. నెల్లూరు ఆడవాళ్లు ఆయన పేరు విని ఉండరు. కూలి దోపిడీ, ఇంటి హింస, సర్కారు రాబడి ఈ మూడూ ఒకే తాడు పోగులని మాత్రం ఆయనకంటే సూటిగా పట్టుకున్నారు.

అంకెలు తెలిస్తే చాలదా?

ప్రపంచాభివృద్ధిని జనానికి బోధించడమే జీవితంగా పెట్టుకున్న మరో మనిషి హాన్స్ రోస్లింగ్. స్వీడన్ వైద్యుడు. కొడుకు, కోడలితో కలిసి 2005లో ‘గ్యాప్‌మైండర్’ స్థాపించి, దేశాల ఆయుర్దాయం, ఆదాయం తెరపై బుడగలుగా కదిలే బొమ్మలతో కోట్లమందికి పాఠం చెప్పారు. 2017లో ఆయన బృందం 14 దేశాల్లో దాదాపు 12 వేల మందిని పరీక్షించింది. ఇరవై ఏళ్లలో ప్రపంచంలో కటిక పేదల నిష్పత్తి దాదాపు రెట్టింపయిందా, అలాగే ఉందా, దాదాపు సగానికి తగ్గిందా? సగానికి తగ్గింది అన్నది సరైన జవాబు. చెప్పగలిగింది 7 శాతం మంది. కళ్లు మూసుకుని జవాబు పెట్టినా 33 శాతం రావాలి! చదువుకున్నవాళ్లు కూడా ప్రపంచాన్ని ఎప్పటిదో పాత పటంలో చూస్తున్నారని ఆయన బాధ. 1972లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో కొన్నాళ్లు చదివినప్పుడు, పక్కన కూర్చున్న భారతీయ విద్యార్థులు తనకంటే ఎంతో ముందున్నారని గ్రహించి తెల్లబోయానని ఆయనే రాసుకున్నారు.

ఆయన అంకెలు నిజం. అవి అందరికీ తెలియాలి. అయితే 2022 ప్రపంచ అసమానతల నివేదిక అంకెలూ నిజమే. లోకంలోని సంపదలో 76 శాతం పైవరుస పది శాతం మంది దగ్గర ఉంది. కింది సగం జనాభా దగ్గర ఉన్నది 2 శాతం. పేదరికం తగ్గింది, సంపద పోగుపడింది. రెండూ ఒకేసారి జరిగాయి. ఎలా జరిగాయన్నది బుడగల బొమ్మలో కనబడదు.

నా దృష్టిలో రోస్లింగ్ గొప్పతనం ఆ తెర మీద కంటే మొజాంబిక్‌లో ఎక్కువ కనిపిస్తుంది. 1979 నుంచి రెండేళ్లు ఆయన ఆ దేశపు నకాలా ప్రాంతంలో వైద్యం చేశారు. సుమారు మూడు లక్షల జనానికి దాదాపు ఒక్కడే డాక్టరు. 1981లో చుట్టుపక్కల పల్లెల్లో వందలాది ఆడవాళ్లకు, పిల్లలకు ఉన్నట్టుండి కాళ్లు పడిపోసాగాయి. అంటురోగమని ఊరంతా భయపడింది. ఆయన, సహచరులు ఇల్లిల్లూ తిరిగి, వంటలు చూసి కారణం పట్టుకున్నారు. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం తీసే కర్రపెండలం అక్కడివాళ్లకు తిండి. చేదు రకాన్ని రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి తినాలి. అప్పుడే అందులోని సైనైడ్ విషం పోతుంది. ఆ ఏడు కరవు. మరో పంట చేతికి రాలేదు. ఆకలికి ఆగలేక దుంపను సరిగ్గా ఎండకముందే తిన్నారు. మాంసం, చేపలు లాంటివి తినే స్తోమత ఉంటే ఒళ్లు ఆ విషాన్ని కొంత తట్టుకునేది. అదీ లేదు. ‘కొంజో’ అనే ఆ రోగాన్ని తెచ్చిపెట్టింది పేదరికమే. దాని ఆనవాలు ఇంటి వెనక పెరట్లో, ఎండబెట్టిన దుంపముక్కల్లో దొరికింది. అభివృద్ధి పాఠం చెప్పేవాళ్లు బొమ్మల కంటే ముందు ఆ పెరటిని చూపించాలని నా కోరిక.

జనం దగ్గరికి వెళ్లినంత మాత్రాన పాఠం పండుతుందన్న హామీ కూడా లేదు. 1970ల నడుమ, కొత్తగా స్వాతంత్య్రం వచ్చిన గినియా-బిసావు ప్రభుత్వం ఫ్రెయిరేను పిలిచింది. చదువు పోర్చుగీసులో సాగింది. ఆ దేశంలో పోర్చుగీసు మాట్లాడేవాళ్లు బహుకొద్దిమంది. ప్రశ్న ఎంత మంచిదైనా పరాయి భాషలో అడిగితే నోరు తెరిచేదెవరు? ఆ కార్యక్రమం దాదాపు చతికిలబడింది. గోండు, కోయ, సవర పిల్లలకు తొలిరోజు నుంచే తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో పాఠం చెప్పే మన ఏజెన్సీ బడులు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

ఒక క్వింటాల్ పత్తిలో ఎన్ని దేశాలు

ఇవాళ, మన ఊళ్లో, ప్రపంచ న్యాయం గురించి పాఠం చెప్పాలంటే ఎక్కడ మొదలెట్టాలి? నన్నడిగితే వరంగల్ ఎనుమాముల మార్కెట్లో దింపిన పత్తి బస్తా దగ్గర.

మొదటి ప్రశ్న తేమది. పత్తిలో తేమ 8 శాతం లోపు ఉంటే భారత పత్తి సంస్థ (సీసీఐ) పూర్తి మద్దతు ధర ఇస్తుంది. అక్కడి నుంచి 12 శాతం దాకా ధర తెగ్గోస్తుంది. 12 దాటితే కొననే కొనదు. తీసే వేళకు వాన పడితే, ఆ రైతు తప్పేముంది? ఆరబెట్టుకునే జాగా ఎవరికుంది? కౌలు రైతు మద్దతు ధరకు అమ్మాలంటే కాగితాలు ఎవరి పేరున ఉండాలి? 2025 నుంచి ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ కూడా బుక్ చేసుకోవాలి. యాప్ వాడటం రానివాళ్ల పత్తి ఎవరి చేతికి పోతుంది? 2025-26కు క్వింటాలు మద్దతు ధర మధ్యరకం పింజకు 7,710 రూపాయలు, పొడుగు పింజకు 8,110. ఆ ధరకు అమ్ముకోలేక, వచ్చినకాడికి ప్రైవేటు వ్యాపారికి ఇచ్చేసి బండెక్కిన రైతుకు ఈ ప్రశ్నలన్నీ తెలుసు. వాటిని వరసగా పేర్చి అడిగే చోటు లేదంతే.

రెండో ప్రశ్న కాస్త దూరం తీసుకెళ్తుంది. 2025 ఆగస్టులో మన పత్తి మీద ఒక దెబ్బ పడింది. అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచుతున్న వేళ, బట్టల మిల్లులకు ఊరటగా కేంద్రం పత్తి దిగుమతులపై ఉన్న 11 శాతం సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. ముందు సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలవి. వాషింగ్టన్‌లో తీసుకున్న నిర్ణయానికి ఢిల్లీ ఇచ్చిన జవాబు జమ్మికుంట, ఆదిలాబాద్ యార్డుల్లో ధర మీద పడింది.

ఇక్కడి నుంచి ఆఫ్రికా ఎంతో దూరం లేదు. అమెరికా తన పత్తి రైతులకు ఏటా భారీగా సబ్సిడీలిచ్చి ప్రపంచ ధరను పడగొడుతోందని 2002లో బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది, గెలిచింది. బ్రెజిల్ ప్రతీకార సుంకాలకు సిద్ధపడితే అమెరికా రాజీకొచ్చి, 2010లో ఏడాదికి 14.73 కోట్ల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్ల డాలర్లతో లెక్క తేల్చుకుంది. మాలి, బుర్కినా ఫాసో, బెనిన్, చాద్... పత్తే ప్రాణంగా బతికే ఈ నాలుగు పేద దేశాలు 2003లో అదే సంస్థలో అదే అన్యాయం గురించి మొరపెట్టుకున్నాయి. ఎదురుదెబ్బ కొట్టే సత్తా వాటికి లేదు. బ్రెజిల్‌కు ముట్టినట్టు వాటికి పరిహారం ముట్టలేదు. ఒకే తప్పు, ఒకే సంస్థ. బలమున్నవాడికి రాజీ సొమ్ము, లేనివాడికి చర్చలు.

ఈ సంబంధాన్ని మన తెలంగాణ ఆడవాళ్లు ఎప్పుడో పట్టుకున్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు, చిన్న కమతాలవాళ్లు. జొన్న, సజ్జ, కొర్ర విత్తనాలు దాచుకోవడం నుంచి కెమెరా పట్టడం దాకా నేర్చుకున్నారు. వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు మండిపడుతున్నారో సినిమా తీశారు. మాలి, దక్షిణాఫ్రికా లాంటి దేశాలకు కెమెరాలతో వెళ్లి అక్కడి పత్తి రైతుల్నీ అవే ప్రశ్నలు అడిగారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. బీటీ మీద వాళ్ల తీర్మానాలతో శాస్త్రవేత్తల్లో కొందరు ఏకీభవించరు. ఆ వాదన నడవాల్సిందే. ఎక్కువగా బడి మెట్లెక్కని ఆ ఆడవాళ్లు ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి వెళ్లి సాటి రైతును సమానంగా పలకరించారన్నది మాత్రం కాదనలేని నిజం. ప్రపంచ పౌరసత్వం నేర్పాలని 2015లో ఐరాస సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో రాసుకుంది. పస్తాపూర్‌లో అది అప్పటికే నడుస్తోంది.

పత్తికి మరో కొస ఉంది. దారమై, బట్టై, చొక్కాగా కుట్టే చోటు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,130 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు నెర్రెలిచ్చాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూతపడ్డాయి. పై అంతస్తుల్లో కుట్టుమిషన్ల వాళ్లను మాత్రం పనిలోకి రమ్మన్నారు. అప్పటికి వాళ్ల కనీస వేతనం నెలకు 3,000 టాకాలు. బ్యాంకు ఉద్యోగి ఇంటికెళ్లిన రోజున కుట్టుపని పిల్ల ఎందుకు వెళ్లలేకపోయింది? ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం పీరియడ్‌లో ఈ ఒక్క ప్రశ్న మీద గంటసేపు మాట్లాడిస్తే, అసమానత గురించి ఏ నిర్వచనమూ బట్టీపట్టించక్కర్లేదు.

రాత్రిబడి తలుపు తీయాలి

ప్రపంచంలో చదవడం, రాయడం రాని పెద్దవాళ్లు ఇంకా 75 కోట్లకు దగ్గరగా ఉన్నారు. వాళ్లలో మూడింట రెండొంతులు ఆడవాళ్లే. మన దగ్గర 2023-24 కార్మికశక్తి సర్వే లెక్కల్లో ఏడేళ్లు పైబడినవారి అక్షరాస్యత ఆంధ్రప్రదేశ్‌లో 72.6 శాతం. రాష్ట్రాలన్నిటిలో అట్టడుగు. ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్న రాష్ట్రం, అమెరికాకు ఇంతమందిని పంపిన రాష్ట్రం! తెలంగాణ కూడా 76.9 శాతంతో అడుగు వరుసలోనే ఉంది. ఇది మనందరం తలదించుకోవాల్సిన సంగతి.

వయోజనుల చదువు కోసం కేంద్రం 2022 నుంచి 2027 దాకా ‘ఉల్లాస్’ కార్యక్రమం నడుపుతోంది. లక్ష్యం 5 కోట్ల మంది. పదిహేనేళ్లు దాటినవారికి వలంటీర్లే పాఠం చెబుతారు. చివర 150 మార్కుల పరీక్ష. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. జీవన నైపుణ్యాలు, చట్టాల అవగాహన కూడా పథకంలో ఉన్నాయి. కాబట్టి ప్రశ్నకు చోటు లేదని ఎవరూ అనలేరు. చోటు వాడుకోవాలి. పరీక్ష గట్టెక్కించి సర్టిఫికెట్ ఇచ్చేస్తే మన దగ్గరా ఇంకో మొబ్రాల్ తయారవుతుంది.

మీ ఊళ్లో, మీ పేటలో ఉల్లాస్ తరగతి నడుస్తోందేమో కనుక్కోండి. నడుస్తుంటే వలంటీరుగా పేరివ్వండి, పెద్ద చదువులేమీ అక్కర్లేదు. నడవకపోతే పంచాయతీలోనో వార్డు ఆఫీసులోనో అడగండి. పొదుపు సంఘం సమావేశంలో అప్పుల చిట్టా అయ్యాక ఓ పావుగంట ఆగి, ఈ నెల పిల్లల ఫీజుకు ఎంత పోయింది, ఆసుపత్రికి ఎంత పోయింది, పనికి మగవాళ్లకెంత, మనకెంత ఇచ్చారు, ఎందుకలా అని మాట్లాడుకోండి. పంతుళ్లారా, మీ తరగతిలో పిల్లలు వేసుకున్న చొక్కాల కాలరు వెనక చీటీ చదివించండి. ఎక్కడ కుట్టారో ఉంటుంది. పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి.